ఇంటిపేరు ఎవరింటిది?

విజయవాడలో బీసెంట్ రోడ్డు తెలియని ఆడవాళ్ళుంటారా? పండక్కి రెండు రోజుల ముందు ఆ వీధిలో మనం నడవక్కర్లేదు, జనమే మనల్ని తోసుకుంటూ తీసుకుపోతారు. జాకెట్టు గుడ్డల దగ్గర్నుంచి పిల్లల రిబ్బన్ల దాకా అక్కడే గీచి గీచి బేరమాడి, "బీసెంట్ రోడ్డుకెళ్ళొచ్చామండీ" అని ఇంటికొచ్చి చతికిలబడతాం. అలా అన్నప్పుడల్లా మనం ఎవరి పేరు పలుకుతున్నట్టు? అనీబిసెంటమ్మ పేరనే అనుకుంటాం. నిజమే, ఆవిడ గుర్తుగా పెట్టిన పేరే. కానీ బీసెంట్ అన్నది ఆవిడ పుట్టింటి పేరు కాదు. ఇంగ్లండులో లింకన్‌షైర్ ప్రాంతంలో సిబ్సీ అనే పల్లెటూరి చర్చికి ఫాదిరీగా ఉన్న ఫ్రాంక్ బీసెంట్ అనే ఆయన ఇంటిపేరది. ఆవిడ ఆయనతో కాపరం చేసింది నిండా ఆరేళ్ళు కూడా కాదు. విడిపోయాక అరవై ఏళ్ళు బతికింది. ఆ అరవై ఏళ్ళూ ఆయన ఇంటిపేరే మోసింది!

విడిపోయిన భార్య పేరులో భర్త ఎందుకుండిపోతాడు? ఉండనీయమని చట్టం చెబుతుందా, ఊరు చెబుతుందా? తీసెయ్యాలంటే ఎవరి గుమ్మం ఎక్కాలి? ఈ సంగతి కాస్త తీరిగ్గా తిరగేస్తే చాలా మంది ఆడవాళ్ళ కథలు బయటపడ్డాయి. కొన్ని నవ్వొచ్చేవి, కొన్ని కడుపు రగిలించేవి.

అనీబిసెంట్ పుట్టినప్పుడు అనీ వుడ్. 1847లో లండన్‌లో పుట్టింది. ఇరవయ్యేళ్ళకి, 1867 డిసెంబరులో ఫ్రాంక్ బీసెంట్‌ని పెళ్ళాడింది. కొడుకు డిగ్బీ, కూతురు మేబెల్. పిల్లలకి కోరింతదగ్గు వచ్చి, మేబెల్ చావుబతుకుల్లో పడింది. ఆ పసిగుడ్డు పడిన యాతన చూసి ఆవిడకి దేవుడి మీదే అనుమానం పుట్టింది. వేరే ఎవరికన్నా అయితే సరే, ఫాదిరీ గారి భార్యకి దేవుడి మీద అనుమానమేమిటి? చర్చిలో కమ్యూనియన్ సమయానికి అందరూ చూస్తుండగా లేచి బయటికి వెళ్ళిపోయేది. ఊరంతా గుసగుసలు. చివరికి ఆయన ఒకటే మాట చెప్పాడు: కమ్యూనియన్ తీసుకో, లేదా ఇల్లు విడిచి వెళ్ళు. ఆవిడ రెండోదే ఎంచుకుంది. అది 1873.

ఆ ఏడాదే ఆవిడ రాసిన చిన్న పుస్తకం ఒకటి అచ్చయింది. రచయిత్రి పేరు ఉండవలసిన చోట పేరు లేదు. ఒక ఫాదిరీ భార్య రాసినది, అని మాత్రం ఉంది. తన నమ్మకాలు తనవని చెప్పడానికి ఇల్లు వదిలిన మనిషికి, ఆ నమ్మకాల పుస్తకం మీద తన పేరు వేసుకునే వీలు లేకపోయింది చూడండి! ఆ తరువాత పత్రికకి రాసిన వ్యాసాలకి 'ఎజాక్స్' అని మారుపేరు పెట్టుకుంది.

విడాకులు రాలేదు. రావడానికి లేదు కూడా. 1857లో ఇంగ్లండులో వచ్చిన విడాకుల చట్టం ప్రకారం భార్య తప్పుదారి పట్టిందని రుజువైతే చాలు, భర్తకి విడాకులు దొరికేవి. భార్యకి అలా కాదు. భర్త తప్పుదారి పట్టడంతో పాటు ఆమెని హింసించాలి, లేదా వదిలేసి పోవాలి, అలాంటిది ఇంకోటి జోడించాలి. ఈ తేడా 1923 దాకా అలాగే ఉంది. మరి ఈయన పరస్త్రీ జోలికి పోయాడని ఎవరూ అనలేదు. దేవుడి మీద గొడవతో విడాకులివ్వడానికి చట్టంలో చోటు లేదు. అందుకని విడిగా ఉండేటట్టు ఒక ఒప్పంద పత్రం రాసుకున్నారు. ఏడాదికి 110 పౌన్ల మనోవర్తి. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర. ఆ కూతుర్ని కూడా 1878లో కోర్టు తీసుకుపోయి తండ్రికిచ్చింది. నాస్తికురాలు, పైగా సంతాన నియంత్రణ గురించి పుస్తకం అచ్చువేసి కేసుల్లో ఇరుక్కున్న మనిషి, ఆడపిల్లని ఏం పెంచుతుందని జడ్జీ గారి అభిప్రాయం. ఆ పిల్లకప్పటికి ఎనిమిదో ఏడు నడుస్తోంది. మరుసటి ఏడాది ఆ ఒప్పంద పత్రం మీదే మరో కేసు నడిచింది. లా పుస్తకాల్లో దాని పేరు 'బీసెంట్ వర్సెస్ వుడ్'. ఒక పక్క అత్తింటిపేరు, ఇంకో పక్క పుట్టింటిపేరు. మధ్యలో మనిషి.

అప్పుడైనా ఆవిడ మళ్ళీ వుడ్ అని పిలిపించుకోవచ్చు కదా అని నాకనిపించింది. చట్టం అడ్డేమీ చెప్పదు. కానీ అప్పటికే ఆవిడ ఉపన్యాసాలకి వేలమంది వచ్చేవారు. వాళ్ళకి తెలిసింది మిసెస్ బీసెంట్. తిట్టేవాళ్ళకీ, పొగిడేవాళ్ళకీ ఆ పేరే. పేరు ఆయనిచ్చాడు, ఆ పేరుకో అర్థం ఈవిడ తెచ్చుకుంది. 1893లో మన దేశం వచ్చింది, 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలైంది. పిల్లలిద్దరూ పెద్దవాళ్ళయ్యాక తల్లి దగ్గరికే చేరారు. మదనపల్లెలో 1915లో వెలిసిన కాలేజీకీ ఆ పేరే నిలిచింది. రవీంద్రనాథ్ టాగోర్ 1919లో జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది ఆ కాలేజీలోనే. ఇంతకీ సిబ్సీ ఫాదిరీ గారి ఇంటిపేరు అటు మదనపల్లెలోనూ ఇటు బెజవాడలోనూ స్థిరపడిందంటే ఆ పుణ్యం ఆయనది మాత్రం కాదు.

ఇంగ్లండు వాళ్ళ పద్ధతి ఒక విధంగా మంచిదే. అక్కడ పేరంటే నలుగురూ నిన్ను ఏమని పిలుస్తారో అదే. పెళ్ళయితే భర్త ఇంటిపేరు వాడుక వల్ల వస్తుంది కాని, చట్టం వల్ల కాదు. విడాకులైనంత మాత్రాన అది దానంతటది ఊడిపోదు. కావాలంటే ఉంచుకోవచ్చు, అక్కర్లేకపోతే పాత పేరుకి వెళ్ళిపోవచ్చు. మరి భర్తకి ఇష్టం లేకపోతే? ఈ ప్రశ్న ఒకసారి ప్రభువుల సభ దాకా వెళ్ళింది. ఈ కథ కాస్త వివరంగా చెప్పాలి, నాకు భలే నచ్చింది.

వయొలెట్ నెవిల్ ఒక మార్క్విస్ గారి కూతురు. 1889లో పెళ్ళి చేసుకుంది, భర్త కౌలీ ప్రభువయ్యాక కౌంటెస్ కౌలీ అయింది. 1897లో విడాకులయ్యాయి. మరుసటి ఏడాది మిడిల్టన్ అనే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయనకి బిరుదులూ గిరుదులూ ఏమీ లేవు. పద్ధతి ప్రకారం ఇక ఆవిడ మిసెస్ మిడిల్టన్. కానీ ఆవిడ కౌంటెస్ కౌలీ అని పిలిపించుకోవడం మానలేదు. కొత్త మొగుడు కొత్త మొగుడే, పాత బిరుదు పాత బిరుదే! కౌలీ ప్రభువుకి ఒళ్ళు మండింది. నన్ను వదిలి ఇంకొకణ్ణి చేసుకున్న మనిషి నా పేరుతో విందులకి వెళ్ళడమేమిటని కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఆయనే గెలిచాడు. ఆ పేరు వాడవద్దని ఆవిడకి ఆజ్ఞ ఇచ్చారు. ఆవిడ పైకోర్టుకి వెళ్ళి ఆ ఆజ్ఞ కొట్టేయించింది. ప్రభువు ఊరుకోక ఇంకా పైకి వెళ్ళాడు. 1901లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. ఆవిడకి ఆ బిరుదు మీద హక్కుందా లేదా అన్నది వేరే సంగతి, కానీ ఆవిడ అలా పిలిపించుకోవడాన్ని ఆపే హక్కు మాత్రం మీకు లేదు పొమ్మన్నారు. పెద్దింటి ఆడవాళ్ళు మామూలు మనుషుల్ని మళ్ళీ పెళ్ళి చేసుకున్నా పాత బిరుదు ఉంచుకోవడం మర్యాదగా సాగుతున్న ఆచారమేనని కూడా గుర్తుచేశారు.

తీర్పు చెప్పినవాళ్ళందరూ మగవాళ్ళే, అందరూ ప్రభువులే. ఆవిడని ఓడించడానికి వాళ్ళకి ఎన్ని కారణాలైనా దొరికేవి. అయినా ఓడించలేదు. ఆవిడ ఆ పేరు ప్రేమతో ఉంచుకుందని మాత్రం నేను అనుకోను. విందులో కౌంటెస్‌కి వేసే పీట వేరు, మిసెస్ మిడిల్టన్‌కి వేసే పీట వేరు. అంతే.

సముద్రం దాటి పక్కనే ఉన్న ఫ్రాన్సులో ఇంకో తమాషా. విప్లవం రోజుల్లో, 1794లో, పుట్టుక కాగితంలో ఉన్న పేరు తప్ప వేరే పేరు ఎవరూ పెట్టుకోకూడదని చట్టం చేశారు. అంటే ఆ లెక్కన పెళ్ళయిన ఆడదాని అసలు పేరు చచ్చేదాకా పుట్టింటిదే, భర్త పేరు వాడుకకి మాత్రమే. విడాకులు ఒకసారి ఇచ్చి, 1816లో తీసేసి, 1884లో మళ్ళీ ఇచ్చారు. 1893లో, విడాకులైతే ఎవరి పేరు వాళ్ళు తీసుకోవాలని రాశారు. ఇక భర్త పేరు ఉంచుకుంటానంటే వీల్లేదు. కావలసినవాళ్ళు భర్త ఒప్పుకోలుతోనో, తగిన కారణం చూపి జడ్జీ అనుమతితోనో ఉంచుకోవచ్చని సడలించడానికి 1975 దాకా పట్టింది.

జర్మనీ వాళ్ళు మరీను. 1900లో అమల్లోకి వచ్చిన వాళ్ళ సివిల్ కోడ్‌లో, విడాకులైన భార్య భర్త పేరు ఉంచుకోవచ్చు, కాని తప్పు పూర్తిగా ఆవిడదేనని కోర్టు తేలిస్తే, ఆ పేరు వాడొద్దని భర్త నిషేధించవచ్చు. పేరంటే మంచి నడవడికి ఇచ్చే మెడల్ లాంటిది అన్నమాట. అమెరికాలో మర్యాదల గురించి పుస్తకం రాసిన ఎమిలీ పోస్ట్ కూడా 1922లో ఇదే ధోరణిలో మాట్లాడింది. విడాకుల్లో తప్పు తనది కాని ఆవిడ భర్త పేరు పూర్తిగా ఉంచుకోవచ్చు, కానీ పుట్టింటిపేరునీ భర్త ఇంటిపేరునీ జతచేసి రాసుకోవడం ఎక్కువ వాడుకట. అంటే ఒక ఉత్తరం కవరు మీద పేరు చూడగానే పోస్టు జవానుకి కూడా తెలిసిపోవాలి, ఈవిడ కన్యా, సుమంగళా, విధవా, విడాకులు పుచ్చుకున్నదా అని. మగవాడి పేరు చూస్తే ఏం తెలుస్తుంది? మిస్టర్ అని తెలుస్తుంది.

ఆ అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో, పిల్లలున్న తల్లి విడాకులతో పాటు పుట్టింటిపేరు అడిగితే ఇవ్వకపోయేవారు. తల్లికో పేరూ పిల్లలకో పేరూ ఉంటే పిల్లలకి అప్రతిష్ఠట. ఈ బాధంతా ముందే ఊహించినట్టు, అసలు పేరే మార్చుకోను అని భీష్మించింది లూసీ స్టోన్. 1855లో హెన్రీ బ్లాక్‌వెల్‌ని పెళ్ళి చేసుకుని కూడా లూసీ స్టోన్‌గానే ఉండిపోయింది. 1879లో మసాచుసెట్స్‌లో స్కూలు కమిటీల ఎన్నికలకి ఆడవాళ్ళకి ఓటిచ్చినప్పుడు, బ్లాక్‌వెల్ అని రాస్తేనే పేరెక్కిస్తామన్నారు అధికార్లు. జీవితమంతా ఓటు కోసం ఊరూరా తిరిగి గొంతు పోగొట్టుకున్న మనిషి, తీరా ఓటు చేతికందేసరికి పేరు కోసం దాన్ని వదులుకుంది. ఆవిడ పేరు మీదే 1921లో న్యూయార్క్‌లో ఒక సంఘం పెట్టింది రూత్ హేల్ అనే పత్రికా రచయిత్రి. ఈవిడ 1933లో భర్త నుంచి విడాకులు తీసుకుంది. పేరు మార్చుకోనే లేదు కనక, తిరిగి తీసుకోవలసింది కూడా ఏమీ లేకపోయింది.

జపానులో యుద్ధం తరువాత వచ్చిన చట్టంలో, విడాకులైన మరుక్షణం పాత ఇంటిపేరుకి వెళ్ళిపోవలసిందే. వినడానికి బాగానే ఉంది కదా? కాని పదిహేనేళ్ళుగా ఒక పేరుతో దుకాణం నడుపుకుంటున్న ఆవిడ, ఒక పేరుతో పాఠాలు చెబుతున్న ఆవిడ, పొద్దున్నే బోర్డు మార్చుకోవాలి. కోరుకున్నవాళ్ళు మూడు నెలల్లోగా అర్జీ పెట్టుకుంటే భర్త ఇంటిపేరు ఉంచుకోవచ్చని 1976లో మార్చారు. చూశారా, ఒకచోట పుట్టింటిపేరు తిరిగివ్వరు, ఇంకోచోట బలవంతాన అంటగడతారు. రెండు చోట్లా అడగనిది ఒకరినే.

ఇక రచయిత్రుల సంగతి. ఇది నా స్వార్థం కొద్దీ చెబుతున్నాను.

మన పాఠకులకి అగాథా క్రిస్టీని పరిచయం చెయ్యక్కర్లేదు. ఆవిడ పుట్టింటిపేరు మిల్లర్. 1914లో క్రిస్టీ అనే సైనికాధికారిని చేసుకుంది. 1920లో మొదటి నవల వచ్చింది. 1926 నాటికి నలుగురి నోళ్ళలో నానుతున్న రచయిత్రి. ఆ ఏడాదే భర్త, నాన్సీ నీల్ అనే అమ్మాయి మీద మనసు పడ్డాననీ, విడాకులు కావాలనీ చెప్పాడు. డిసెంబరు 3 రాత్రి ఆవిడ కారు తీసుకుని వెళ్ళిపోయింది. కారు దొరికింది, మనిషి దొరకలేదు. దేశమంతా వెతికారు. పదకొండు రోజుల తరువాత హారోగేట్‌లో ఒక హోటల్లో తేలింది. హోటలు రిజిస్టరులో ఏ పేరు రాసుకుందో తెలుసా? మిసెస్ తెరెసా నీల్! భర్త మనసు పడిన అమ్మాయి ఇంటిపేరు. ఆవిడకి మతి పోయి ఆ పేరు రాసుకుందనీ, కాదు కావాలనే రాసిందనీ ఇప్పటిదాకా తగువులాడుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం, మొగుడి పేరు జారిపోతున్న రాత్రి, ఆ చోటులోకి రాబోయే ఆవిడ పేరు కలం కొసకి రావడంలో ఆశ్చర్యమేమీ కనపడదు. ఏ కోర్టూ దాన్ని అంత సూటిగా రాయలేదు.

1928లో విడాకులయ్యాయి. 1930లో మాలొవన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుణ్ణి పెళ్ళి చేసుకుని చివరిదాకా సుఖంగానే ఉంది. ఇంట్లో మిసెస్ మాలొవన్. పుస్తకాల మీద మాత్రం 1976లో పోయేదాకా ఆ పాతాయన పేరే. పాఠకులు కొనేది క్రిస్టీని కాని మాలొవన్ని కాదు కదా! కొత్త భర్తతో తవ్వకాలకి వెళ్ళిన అనుభవాలు రాసినప్పుడు, 1946లో, అగాథా క్రిస్టీ మాలొవన్ అని రెండూ కలిపి వేసుకుంది. మధ్యలో మేరీ వెస్ట్‌మకాట్ అనే మారుపేరుతో ఆరు నవలలు రాసింది. అందులో హత్యలూ లేవు, డిటెక్టివులూ లేరు. కాపరాలూ, తల్లీకూతుళ్ళూ, మనస్పర్థలూ. ఆ పేరుకి ఏ మగవాడితోనూ చుట్టరికం లేదు.

ఫ్రాన్సులో కొలెట్‌ది ఇంకా అన్యాయం. 1893లో పెళ్ళయింది. రాసింది ఆవిడ, 1900లో మొదటి నవల అచ్చయినప్పుడు అట్ట మీద పేరు భర్త 'విల్లీ'ది. పుస్తకాలు సంతలో శనగల్లా అమ్ముడుపోయాయి, డబ్బూ పేరూ ఆయనకే. 1906లో విడిపోయారు, 1910లో విడాకులు. ఆ మధ్యకాలంలో 'కొలెట్ విల్లీ' అని రాసుకుంది. వదిలేసి వచ్చినవాడి తోక పేరుకి తగిలించుకునే ఉండాలి, లేకపోతే పుస్తకం ఎవరిదో జనానికి తెలియదు. వట్టి 'కొలెట్' అని మొదటిసారి నవల అట్ట మీద వచ్చేసరికి 1923. ఆవిడకప్పటికి యాభై. విశేషమేమిటంటే కొలెట్ అన్నది కూడా ఆవిడ సొంత పేరు కాదు, తండ్రి ఇంటిపేరు. సొంత పేరు సిడొనీ గాబ్రియేల్. అది పుస్తకాల అట్టల మీదికి రానే లేదు.

మనదాకా వస్తే, మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందుంటుంది, మనిషి వెనకుంటుంది. పెళ్ళిలో ఇంటిపేరే కాదు, గోత్రం కూడా మారుతుంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత ఆడపిల్ల విషయంలో రెండుసార్లు నిజం కావచ్చు, పుట్టింట్లో ఒకసారి, అత్తింట్లో ఒకసారి. అయితే పెళ్ళయిన ఆడది పేరు మార్చుకు తీరాలని మన చట్టం ఎక్కడా అనలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం విడాకులు ఇచ్చింది కాని, విడాకుల తరువాత పేరు సంగతి ఎత్తనే లేదు. ఆ చట్టానికి ముందు మదరాసు రాష్ట్రంలో 1949లోనే ఒక విడాకుల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోవే. అంతకు ముందు మన హిందువుల్లో చాలామందికి విడాకులన్న మాటే లేదు. విడిచిపెట్టడమే ఉండేది.

దుర్గాబాయమ్మ గారినే తీసుకోండి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదో ఏట సుబ్బారావు గారితో పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆయనతో కాపరం చెయ్యనంది. తండ్రీ తమ్ముడూ ఆమెకే అండగా నిలిచారు. రాజ్యాంగ సభ చర్చలు తిరగేస్తే ఆమె పేరు 'శ్రీమతి జి. దుర్గాబాయి' అని ఉంటుంది. తండ్రి గారి పేరు బి.వి.ఎన్. రామారావు. ఆ 'జి' ఆయనది కాదన్నమాట. చెయ్యని కాపరం తాలూకు అక్షరంతోనే ఆమె మన రాజ్యాంగం రాసినవారిలో కూర్చుంది. 1953లో చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకున్నాక ఆ అక్షరం పోయింది, వెనక మరాఠీ ఇంటిపేరు చేరింది. ఇప్పుడు హైదరాబాదులో డి.డి. కాలనీ అంటే ఆటోవాళ్ళకి కూడా తెలుసు.

మన నవలా పాఠకులకి ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. పాత పుస్తకాల అట్టల మీద ముప్పాళ రంగనాయకమ్మ అని ఉండేది. తరువాతి పుస్తకాల మీద వట్టి రంగనాయకమ్మ. ఇంటిపేరు లేకుండా కూడా తెలుగు దేశమంతా ఆమెని పోల్చుకుంది.

నా సంగతి చెబుతాను. నా మొదటి మూడు నవలలు పెళ్ళయ్యాక వచ్చినవి. అందుకని వాటి మీద 'కె' ఉంది. 2015లో విడాకులయ్యాయి. కోర్టు కాగితం చేతికొచ్చాక నా పుట్టింటి 'వి' నాకు కావాలనిపించింది. ఒకే ఒక్క అక్షరం! దానికి నోటరీ ముందు అఫిడవిట్టు, రెండు పత్రికల్లో ప్రకటన, గెజెట్టులో అచ్చు. గెజెట్టు వచ్చాక ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి, గ్యాసుకి, పాన్ కార్డుకి, ఆధార్‌కి. బి.ఏ. పట్టా మీద ముందునుంచీ 'వి'నే కనక, అక్కడ పేచీ ఉండదనుకున్నాను. ఒక బ్యాంకు గుమాస్తా గారు పట్టాలోని 'వి' గారూ, పాసుబుక్కులోని 'కె' గారూ, అర్జీలోని 'వి' గారూ ముగ్గురూ ఒకరేనని ఇంకో అఫిడవిట్టు తెమ్మన్నారు. తెచ్చాను. సంతకం పాతదానిలా లేదన్నారు. పాతదానిలా ఉంటే ఇంత తిరగడం ఎందుకండీ అన్నాను. ఆయన నవ్వలేదు.

మా నాన్న, "మన ఇంటిపేరు మనం పెట్టుకోవడానికి అర్జీ ఏమిటే?" అని ఆశ్చర్యపోయాడు. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే, "దానికి వాళ్ళ నాన్న ఇంటిపేరు వచ్చింది లెండి. నా పుట్టింటిపేరు మీకెవరికైనా గుర్తుందా?" అంది. నాన్నకి గుర్తుంది కాని, చెప్పడానికి కొంచెం సేపు పట్టింది.

గుళ్ళో అర్చన దగ్గర కూడా ఒకసారి ఆగిపోయాను. గోత్రం చెప్పండమ్మా అన్నారు పూజారి గారు. కోర్టు ఇంటిపేరు సంగతే చెప్పకపోతే గోత్రం సంగతి ఎవరు చెబుతారు? నా వెనక పెద్ద వరస. నేను తటపటాయించడం చూసి ఆయనే, "తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చమ్మా" అని అర్చన కానిచ్చేశారు. తెలియక కాదు, రెండు తెలియడం వల్ల వచ్చిన చిక్కని ఆయనకి ఎలా చెప్పను?

కొన్ని సులువయ్యాయి. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మార్చి, విడాకులైనవాళ్ళు మాజీ భర్త పేరు రాయనక్కర్లేదన్నారు. కొన్ని కాలేదు. పెళ్ళయిన ఆడది గెజెట్టు ద్వారా పుట్టింటిపేరుకి మారాలంటే విడాకుల డిక్రీ గాని, భర్త అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం గాని ఉండాలని కేంద్రం వారి నిబంధన. విడాకుల కేసు ఇంకా నడుస్తుండగా పేరు మార్చుకోదలచిన ఒకావిడ దీని మీద 2024లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. కేసు నడుస్తున్న భర్త దగ్గరికి వెళ్ళి, అయ్యా నా పేరు నేను పెట్టుకోవడానికి మీకు అభ్యంతరం లేదని ఒక కాగితం ముక్క రాసివ్వండి అని ఎలా అడుగుతుంది? కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. కౌలీ ప్రభువు బతికుంటే ఆ నిబంధన చూసి ఎంత సంతోషించేవాడో!

మా అమ్మాయి పేరు ముందు ఇప్పటికీ 'కె'నే. దాని స్కూలు సర్టిఫికెట్ల జోలికి నేను పోలేదు. "నీకూ నాకూ వేరే అక్షరాలేంటమ్మా?" అని చిన్నప్పుడు అడిగింది. నాకూ అమ్మమ్మకీ కూడా ఒకప్పుడు వేరే అక్షరాలేనే అన్నాను.

మొన్నామధ్య నా మొదటి నవల మళ్ళీ వేస్తామని ప్రచురణకర్త ఫోను చేశారు. "అట్ట మీద ఏ పేరు వెయ్యమంటారు మేడమ్? పాత పేరుకి పాఠకులున్నారు మరి" అన్నారు. కొలెట్ గుర్తొచ్చింది, క్రిస్టీ గుర్తొచ్చింది. రెండు రోజులు గడువడిగి, 'వి' వెయ్యమన్నాను. లోపలి పేజీలో మాత్రం, ఇది మొదట ఏ పేరుతో వచ్చిందో చిన్న అక్షరాల్లో వెయ్యమన్నాను. మా ఊరి గ్రంథాలయంలో నా పుస్తకాలు ఇంకా రెండు బీరువాల్లో ఉన్నాయి, మొదటి మూడూ 'కె' దగ్గర, తరువాతివి 'వి' దగ్గర. కొత్త కాపీ వస్తే ఏ బీరువాలో సర్దాలో గ్రంథాలయం ఆవిడ నన్నే అడిగింది. "మీ దగ్గర చోటెక్కడుంది?" అన్నాను. 'వి' బీరువా నిండిపోయిందిట.